టోకెను కథ: ఒంటి రైలుదారి నుండి ప్రత్యక్ష ప్రసారము వరకు

విశాఖపట్టణము నుండి అరకులోయకు పోవు రైలుబండి కొత్తవలస వద్ద ప్రధాన మార్గమును విడిచి, శృంగవరపుకోట, బొడ్డవర, శివలింగాపురము దాటి, తూర్పు కనుమలను ఎక్కుచు టైడా చేరును. అక్కడి నుండి చిమిడిపల్లి, బొర్రాగుహలు, కరకవలస, సిమిలిగూడ మీదుగా అరకు పోవును. బైలడిల్లా గనుల ఇనుపరాతిని విశాఖ రేవునకు దింపి, జపానునకు ఎగుమతి చేయుటకై 1960వ దశాబ్దములో ఈ కొత్తవలస-కిరండూలు మార్గమును నిర్మించిరి. దీనియందు 58 సొరంగములు కలవు. మొదట దీనిని ఒంటిదారిగానే వేసిరి.

ఒంటిదారి అనగా ఎగువకు పోవు బండికిని, దిగువకు వచ్చు బండికిని ఒకే జత పట్టాలు. స్టేషను వద్ద మాత్రమే ఒక బండి ప్రక్కకు తప్పుకొని రెండవదానికి దారి ఈయగలదు. రెండు స్టేషన్ల నడుమ ఒక వంక కొండ, వేరొక వంక లోయ. బండ్లు ఎదురుపడినచో తప్పుకొనుటకు చోటు లేదు. కావున “ఈ క్షణమున ఈ దారిలో పోవు హక్కు ఎవరిది? ఆ హక్కు నిజముగా వారిదేనని ఎట్లు నిశ్చయింపవలెను?” అను ప్రశ్నకు, సందేహమునకు తావులేని సమాధానము కావలెను.

ఈ ప్రశ్న రైళ్లతో ఆగిపోలేదు. నేడు పాఠశాల వార్షికోత్సవమును గాని, సంతలో జరుగు ధింసా నృత్యమును గాని, ఒక సెల్‌ఫోనుతో అదే క్షణమున దూరదేశములకు చూపవచ్చును. దీనినే ప్రత్యక్ష ప్రసారము, లైవ్ స్ట్రీమింగు అని పిలుచుచున్నాము. ఆ ప్రసారము సాగు ఖాతా కూడ ఒక దారియే. దానిలోనికి హక్కు లేనివాడు జొరబడినచో, మన పేరుతో, మనలను నమ్మి వచ్చిన ప్రేక్షకుల ఎదుట, తన మాట చెప్పును. తన మోసము నడుపును. చిత్రమేమనగా, రైలుదారి హక్కును తెలుపు వస్తువునకును, ఖాతాలోని హక్కును తెలుపు గుర్తునకును పేరు ఒక్కటే: టోకెను. ఈ రెండు టోకెన్ల చరిత్రను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో ఖాతా భద్రతలోని కీలకము సులభముగా బోధపడును.

సంతకము లేని తంతి

ఇంగ్లండులో తొలినాటి ఒంటిదారులపై ఒక పద్ధతి ఉండెడిది. రెండు స్టేషన్ల నడిమి దారికి ఒకే ఒక కర్ర. అది చేత నున్న డ్రైవరే బండి నడుపవలెను. కర్ర ఒక్కటే కనుక రెండు బండ్లు ఎదురుపడుట అసంభవము. కాని ఒకే దిశలో రెండు బండ్లు వరుసగా పోవలసి వచ్చినప్పుడు, మొదటి బండి కర్రను ఆవలి స్టేషనునకు తీసికొనిపోవును. రెండవ బండి ఇవతల నిలిచిపోవును. ఈ చిక్కు వలన కొన్ని మార్గములలో కర్రను విడిచి, తంతి ద్వారా అనుమతులు పంపుకొనుచుండిరి.

1874 సెప్టెంబరు 10వ తేదీ రాత్రి నారిచ్ పట్టణమునకు సమీపమున థోర్ప్ అనుచోట రెండు బండ్లు ఎదురెదురుగా ఢీకొనెను. ఇరువదిమందికి పైగా మరణించిరి. విచారణలో తేలిన కారణము గమనింపదగినది. లండను నుండి వచ్చిన ఎక్స్‌ప్రెస్ బండి నారిచ్‌లో ఉన్నది. అవతలి స్టేషనులో మెయిలు బండి వేచియున్నది. మెయిలును రానిమ్మని తంతి పంపుటకు నారిచ్ స్టేషను ఇన్స్పెక్టరు మాట చెప్పెను. అనుమతి పత్రముపై ఆయన సంతకము చేసిన తరువాతనే తంతి పంపవలెనని నియమము. గుమాస్తా సంతకము లేకయే పంపివేసెను. ఆ సంగతి ఎరుగని ఇన్స్పెక్టరు, ఎక్స్‌ప్రెస్ బండిని విడిచిపెట్టెను. రద్దు తంతి పంపునప్పటికి, మెయిలు బయలుదేరినదని జవాబు వచ్చెను.

తంతి తీగకు లోపము లేదు. వార్త అక్షరము తప్పకుండ చేరినది. కాని ఆ వార్త అధికారము గలవారు పంపినదేనా యని సరిచూచు ఏర్పాటు తీగకు ఈవల లేదు, ఆవల లేదు. ఒక వార్త సరిగా చేరుట వేరు, అది హక్కు గలవానినుండి వచ్చినదని రుజువగుట వేరు. ఈ భేదమే నేటి ఖాతా భద్రతకు పునాది.

లోహపు గోళము

థోర్ప్ ప్రమాదము తరువాత ఎడ్వర్డ్ టయర్ అను విద్యుత్ యంత్రకారుడు ఒక ఉపాయము పన్ని 1878లో దానికి పేటెంటు పొందెను. రెండు స్టేషన్లలో రెండు పెట్టెలు. వాటిని విద్యుత్తు తీగ కలుపును. ప్రతి పెట్టెలో అనేక బిళ్లలు ఉండును. అయితే రెండు పెట్టెలలో కలిపి ఒకేసారి ఒక బిళ్ల మాత్రమే వెలికి వచ్చును. అది ఏదో ఒక పెట్టెలో తిరిగి పడువరకు రెండవది రాదు. అందువలన ఒకే దిశలో ఎన్ని బండ్లనైనను ఒకదాని తరువాత ఒకటిగా పంపవచ్చును; ఎదురు బండికి మాత్రము తావు లేదు.

ఇదే సూత్రముపై తయారైన నీల్ బాల్ టోకెను యంత్రము భారతీయ రైల్వేలలో విస్తారముగా వాడబడినది. దానిలో బిళ్లకు బదులు లోహపు గోళము. దానిపై ఆ సెక్షను రెండు కొనలనున్న స్టేషన్ల పేర్లు చెక్కియుండును. గోళమును సంచిలో పెట్టి, పెద్ద బెత్తపు వలయమునకు కట్టి, సాగిపోవుచున్న ఇంజనులోని వారికి అందించెడివారు. ప్రక్క సెక్షను గోళము ఈ యంత్రములో పట్టకుండునట్లు ఆకారభేదము కూడ ఉండెడిది. కాలక్రమమున టోకెను లేని విద్యుత్ యంత్రములును, ఇరుసులను లెక్కించు సాధనములును చాలచోట్ల దాని స్థానమును ఆక్రమించినవి.

ఈ గోళములో మూడు గుణములను విద్యార్థులు గుర్తుంచుకొనవలెను. మొదటిది: హక్కు అనునది నోటిమాట కాదు, చేతిలోని వస్తువు. రెండవది: ఒకేసారి రెండు బయట ఉండజాలవు; దాని నకలు తీయుట డ్రైవరు వశము కాదు. మూడవది: ఒక సెక్షను గోళము ఇంకొక సెక్షనులో చెల్లదు. కంప్యూటరు ఖాతాల చరిత్ర అంతయు ఈ మూడు గుణములను ఒకటొకటిగా సంపాదించుకొనుటకు జరిగిన ప్రయత్నమే.

సంకేతపదము పుట్టుక

1961లో అమెరికాలోని మాసచూసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఫెర్నాండో కార్బటో, ఆయన సహచరులు ఒకే కంప్యూటరును పలువురు ఒకే కాలమున వాడుకొను ఏర్పాటును ప్రదర్శించిరి. ఎవరి పత్రములు వారికే దక్కవలెను గదా! అందులకై ఒక్కొక్కరికి ఒక సంకేతపదము ఇచ్చిరి. నేడు మనము పాస్‌వర్డు అనునది ఇదే. గోళము వంటి వస్తువు కాక, మనసులో ఉంచుకొను మాట హక్కునకు గుర్తైనది.

దాని బలహీనత త్వరలోనే బయటపడెను. తనకు కేటాయించిన యంత్రకాలము చాలని అలన్ షెర్ అను పరిశోధక విద్యార్థి 1962లో అందరి సంకేతపదములున్న పట్టికను అచ్చువేయించుకొని, ఇతరుల పేర్లతో కంప్యూటరును వాడుకొనెను. మరి కొన్ని ఏండ్లకు, పొరపాటున రెండు ఫైళ్లు తారుమారై, కంప్యూటరులో ప్రవేశించిన ప్రతివానికి స్వాగత వాక్యమునకు బదులు ఆ పట్టికయే కనిపించెను. మాట అనునది వస్తువు వంటిది కాదు. గోళము పోయినచో దాని చోటు ఖాళీగా కనబడును. మాట పోయినచో, అది పోయినట్లే తెలియదు.

దీనికి నివారణగా సంకేతపదమును ఉన్నది ఉన్నట్లు దాచుట మాని, తిరుగులేని ఒక గణితప్రక్రియచే మార్చి దాచుట ఆరంభించిరి. 89ని 97తో గుణించుమనిన విద్యార్థి నిమిషములో 8633 అని చెప్పును. 8633 ఏ రెండు సంఖ్యల లబ్ధమని అడిగిన చాలసేపు తడుముకొనును. ముందుకు సులువు, వెనుకకు కష్టము: ఇదే ఇట్టి ప్రక్రియల స్వభావము. పట్టిక దొంగ చేత పడినను అందులో మారిన రూపములే ఉండును.

అప్పుడు దొంగ ఊహలకు దిగును. ఒక్కొక్క మాటను అదే ప్రక్రియచే మార్చి, పట్టికతో సరిపోల్చును. రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ అను శాస్త్రజ్ఞులు 1979లో ప్రకటించిన పరిశీలనలో 3,289 సంకేతపదములలో 86 శాతము సులభముగా ఊహింపదగినవని తేలెను. చాల భాగము మిక్కిలి పొట్టివి, లేదా నిఘంటువులో దొరకునవి. ముప్పది ఏండ్లు గడచినను మనుష్యుల అలవాటు మారలేదు. 2009లో రాక్‌యూ అను సంస్థ నుండి 3 కోట్ల 20 లక్షల సంకేతపదములు బయటపడగా, వాటిలో అత్యధికులు ఎంచుకొన్నది 123456.

పొడవు ఎంత మేలు చేయునో లెక్కించి చూతము. ఇంగ్లీషు చిన్న అక్షరములు 26. ఎనిమిది అక్షరములను ఏ వరుసలోనైనను కూర్చిన 20,882 కోట్లకు పైగా సంకేతపదము లేర్పడును. సెకనునకు 1,000 కోట్ల ఊహలు చేయు యంత్రమునకు ఇది 21 సెకనుల పని. పండ్రెండు అక్షరములైనచో 110 దినములు. పదునారు అక్షరములైనచో సుమారు 1,38,000 సంవత్సరములు. అయితే అక్షరములను చీటీలు తీసినట్లు యాదృచ్ఛికముగా ఎన్నుకొన్నప్పుడే ఈ లెక్క చెల్లును. ఊరి పేరు, పిల్లల పేరు, పుట్టిన సంవత్సరము చేర్చి కూర్చినచో చెల్లదు.

గడియారముతో మారు అంకెలు

ఒకసారి చెప్పిన మాట మరల పనికిరాకుండ చేసినచో దొంగిలించినను లాభముండదు గదా! ఇదే ఒకసారి వాడు సంకేతము, అనగా ఓటీపీ. మన దేశములో 2009 ఆగస్టు నుండి ఇంటర్నెట్టులో కార్డుతో చేయు చెల్లింపులకు అదనపు ధ్రువీకరణ ఉండవలెనని రిజర్వు బ్యాంకు ఆదేశించుటతో ఈ భావము సామాన్యునకు పరిచయమైనది.

ఓటీపీ సెల్‌ఫోనునకు సందేశముగా వచ్చుట ఒక విధము. ఫోనులోనే పుట్టుట రెండవ విధము. ఈ రెండవదానికి 2011లో ఒక ప్రమాణము ప్రకటితమైనది. ఖాతా నడుపు సంస్థయు, మన ఫోనును మొదట ఒక రహస్యసంఖ్యను పంచుకొనును. తరువాత రెండును, 1970 జనవరి 1 నుండి ఎన్ని ముప్పది సెకనుల ఘడియలు గడచినవో లెక్కించి, ఆ లెక్కను రహస్యసంఖ్యతో కలిపి, గణితప్రక్రియచే ఆరు అంకెలను రాబట్టును. ఇరువైపుల అంకెలు ఒకటైనచో ద్వారము తెరచుకొనును. ఫోనునకు కావలసినది సరియైన గడియారము మాత్రమే, సిగ్నలు అక్కరలేదు. కొండమాటున సెల్ సిగ్నలు అందక, పాఠశాలలో వైఫై మాత్రమే ఉన్న కనుమల గ్రామములకు ఇది మిక్కిలి ఉపయుక్తము. సందేశము రాలేదని ప్రసారము ఆగిపోదు.

కాని దీనికిని ఒక లోపము కలదు. అంకెలు మనము చెప్పునవే. అసలు పుటను పోలిన దొంగపుటను చూపి, మనచే ఆ అంకెలను వ్రాయించుకొని, ముప్పది సెకనులలోపల అసలు పుటలో వాడుకొను మోసగాండ్రు ఉన్నారు. థోర్ప్ గుమాస్తా వలె మనము అవతల ఉన్నది ఎవరో సరిచూడక మాట పంపివేయుచున్నాము.

నకలు తీయదగిన టోకెను

ఇప్పుడు కంప్యూటరు టోకెను సంగతికి వత్తము. ఒకసారి సంకేతపదము, ఓటీపీ ఇచ్చి లోనికి పోయిన తరువాత, ప్రతి పుటకు మరల అడుగుచున్న పని సాగదు. కనుక సంస్థ మన బ్రౌజరునకు ఒక పొడవైన గుర్తును ఇచ్చును. దానిని చూపినంత కాలము లోనికి రానిచ్చును. 1994లో ల్యూ మాంటుల్లీ రూపొందించిన కుకీ అను ఏర్పాటులో ఈ గుర్తు దాగియుండును. దీనినే సెషను టోకెను అందురు.

రైలు గోళమునకును దీనికిని గల భేదము ఇచ్చటనే ఉన్నది. గోళమునకు నకలు లేదు. ఇది కేవలము అక్షరముల వరుస. మన కంప్యూటరులో దొంగ ప్రోగ్రాము ప్రవేశించినచో దీని నకలు తీసి పంపివేయును. అప్పుడు దొంగకు సంకేతపదము అక్కరలేదు, ఓటీపీ అక్కరలేదు. ఆ పరీక్షలన్నియు మనమే పూర్తిచేసి యున్నాము.

యూట్యూబు ప్రసారకర్తలపై 2019 నుండి ఇట్టి దాడులు జరుగుచున్నవని గూగుల్ సంస్థ 2021 అక్టోబరులో వివరించినది. పద్ధతి ఇది: మీ ప్రసారములో మా ప్రకటన వేయుడు, డబ్బు ఇత్తుమని ఉత్తరము వచ్చును. దానితో ఒక ఫైలు లేదా లంకె ఉండును. తెరచిన వెంటనే టోకెను పోవును. తరువాత ఛానలు పేరు, బొమ్మ మార్చి, క్రిప్టో నాణెములు రెట్టింపు చేసెదమని ప్రత్యక్ష ప్రసారముచే జనులను వంచింతురు. అట్లు పోయిన సుమారు 4,000 ఖాతాలను తిరిగి ఇప్పించితిమని ఆ సంస్థ తెలిపినది. 2023 మార్చిలో, సాంకేతిక విషయములనే బోధించు లైనస్ టెక్ టిప్స్ అను కెనడా ఛానలు సైతము ఇదే విధముగా టోకెను చౌర్యమునకు గురియైనది. నేర్పరులకే ఇట్లు జరుగగా తక్కినవారి మాట చెప్పనేల!

ఖాతా పోవుట యనిన ఎంతటి నష్టమో తెలియుటకు మన దేశమునందే ఉదాహరణము కలదు. సుప్రీంకోర్టు విచారణలను ప్రత్యక్ష ప్రసారము చేయవచ్చునని 2018లో తీర్పు వెలువడినది. 2022 సెప్టెంబరు 27 నుండి రాజ్యాంగ ధర్మాసనముల విచారణలు ప్రజలకు కనిపింపసాగెను. 2024 సెప్టెంబరు 20న ఆ న్యాయస్థానపు యూట్యూబు ఛానలులో ఒక అమెరికా సంస్థ క్రిప్టో నాణెమును గూర్చిన దృశ్యములు ప్రత్యక్షమైనవి. న్యాయము వినబడవలసిన వేదికపై బేరము వినబడెను. ప్రేక్షకుల విశ్వాసమే ప్రసారఖాతాకు మూలధనము. దొంగ కోరునదియు అదే.

ప్రత్యక్ష ప్రసారమునకు ప్రత్యేకమైన ఇంకొక టోకెను కలదు: స్ట్రీము కీ. కెమెరా దృశ్యమును మన ఛానలునకు చేర్చు ప్రోగ్రామునకు ఇచ్చు పొడవైన గుర్తు ఇది. ఇది తెలిసినవాడు ఖాతాలో ప్రవేశింపకయే మన ఛానలులో ప్రసారము చేయగలడు. 2021 అక్టోబరులో ట్విచ్ అను ప్రసారసంస్థ సమాచారము బయటపడినప్పుడు, ఆ సంస్థ జాగ్రత్తకై అందరి స్ట్రీము కీలను ఒక్కసారిగా మార్చివేసెను.

చెప్పనవసరము లేని రహస్యము

1976లో విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్‌మన్ ఒక నూతన భావమును ప్రకటించిరి. జంటగా రెండు సంఖ్యలు: ఒకటి బహిరంగము, రెండవది రహస్యము. రహస్యసంఖ్యచే చేసిన సంతకమును బహిరంగసంఖ్యచే ఎవరైనను సరిచూడవచ్చును. కాని బహిరంగసంఖ్య నుండి రహస్యమును రాబట్టుట అసాధ్యప్రాయము. పైన చెప్పిన 8633 ఉదాహరణము వంటి లక్షణమే దీనికి ఆధారము.

దీనినుండి వచ్చినదే పాస్‌కీ. రహస్యసంఖ్య మన పరికరములో ఉండును. ప్రవేశింపగోరినప్పుడు సంస్థ ఒక క్రొత్త ప్రశ్నసంఖ్యను పంపును. మన పరికరము దానిపై సంతకము చేసి తిరిగి పంపును. రహస్యము దారిలోనికి రాదు. పైగా ఏ సంస్థకై చేసిన జంట ఆ సంస్థ చిరునామాకే పనిచేయును. దొంగపుట ఎంత పోలికగా ఉన్నను పరికరము సంతకము చేయదు. ప్రక్క సెక్షను గోళము ఈ యంత్రములో పట్టదన్నమాట! ఈ విధానమునకు 2019లో అంతర్జాతీయ వెబ్ ప్రమాణము ఏర్పడెను. 2023 నుండి గూగుల్ ఖాతాలన్నిటికి పాస్‌కీ లభ్యమైనది. సెషను టోకెనును కూడ ఒక్క పరికరమునకే బంధించి, నకలు పనికిరాకుండ చేయు పద్ధతిని గూగుల్ 2024లో ప్రకటించినది. నకలు లేని గోళపు గుణమును కంప్యూటరు ఇప్పుడిప్పుడే సంపాదించుకొనుచున్నది.

పాఠశాలలకు కొన్ని సూచనలు

పాఠశాల ఛానలుకు ఒకే సంకేతపదము పెట్టి, ఉపాధ్యాయులందరు పంచుకొనుట పెక్కుచోట్ల కనబడు అలవాటు. ఇది మానవలెను. యూట్యూబు వంటి సంస్థలు ఒక్కొక్కరికి వారి వారి ఖాతాతోనే, పనికి తగినంత అధికారము మాత్రమే ఇచ్చు సౌకర్యము కల్పించినవి. బదిలీపై పోయినవారి అధికారమును ఆనాడే తీసివేయవలెను.

ప్రధాన ఖాతాకు పాస్‌కీ గాని, ఫోనులో పుట్టు ఓటీపీ గాని ఏర్పరచుకొనవలెను. ఫోను పోయినప్పుడు వాడుటకు సంస్థ ఇచ్చు అత్యవసర సంకేతములను కాగితముపై వ్రాసి బీరువాలో భద్రపరుపవలెను. ఖాతాకు ఆధారమైన ఈమెయిలునకు కూడ ఇంతే కాపలా అవసరము. అది పోయిన ఛానలు పోయినట్లే. స్ట్రీము కీ తెరపై ఒక్క క్షణము కనబడినను వెంటనే మార్చవలెను. అపరిచితులు పంపిన ఫైళ్లను ప్రసారమునకు వాడు కంప్యూటరులో తెరువరాదు. అనుమానము కలిగినచో అన్ని పరికరములనుండి ఖాతాను బయటకు రప్పించు మీట నొక్కవలెను. అప్పుడు దొంగిలింపబడిన టోకెను చెల్లకుండపోవును. కేవలము సంకేతపదము మార్చి ఊరకుండరాదు.

నష్టము జరిగినచో సిగ్గుపడి దాచిపెట్టరాదు. ఇతరుల సంకేతపదమును మోసముతో వాడుట సమాచార సాంకేతిక చట్టము 66-సి విభాగము క్రింద నేరము. మూడు సంవత్సరముల వరకు కారాగారము, లక్ష రూపాయల వరకు జరిమానా విధింపవచ్చును. 1930 అను టెలిఫోను సంఖ్యకు గాని, జాతీయ సైబరు నేరముల పోర్టలుకు గాని ఫిర్యాదు చేయవచ్చును.

ఈ విషయమును తరగతిలో బోధించు ఉపాధ్యాయులు నియమములను వల్లెవేయించుటకంటె, ఒక్క ప్రశ్నను విద్యార్థులకు అలవాటు చేసిన చాలును. ఎవరైనను ఒక మాట, ఒక అంకె, ఒక ఫైలు అడిగినప్పుడు గాని ఇచ్చినప్పుడు గాని, “దీనిపై సంతకము ఉన్నదా? అది ఎవరిది?” అని నిలిచి అడుగవలెను. నారిచ్ స్టేషనులో ఆ రాత్రి ఈ ప్రశ్నను ఎవ్వరును అడుగలేదు.